వేగంగా పోయే బాణం, ఒకేచోట పడే బాణం

విల్లు నేర్పే పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను చూడడానికి వస్తే మొదట అడిగేది ఒకటే. "సార్, మీ పిల్లల బాణాలు ఎంత స్పీడు పోతాయి?" నేను వెంటనే జవాబు చెప్పను. టీ తాగుదాం రండి అంటాను. టీ వచ్చేలోపు "ఆ బాణాలు యాడ పడతాయి సార్?" అని రెండో ప్రశ్న వచ్చిందంటే ఆ మనిషితో ఇంకో గంట కూర్చుంటాను. రాకపోతే టీ తాగి పంపించేస్తాను. టీ మాత్రం ఇద్దరికీ ఒకటే రకం.

తమిళనాడులో, వేలూరు దగ్గర గుడియాత్తంలో ఒక ప్రైవేటు స్కూలు గ్రౌండులో ఆర్చరీ కోచ్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఆ స్కూలు పేరూ, నాకు ఇచ్చిన శాలువాలూ, ఆఫీసు కాగితాల గోలా ఇక్కడ రాయను. అవి ఏ ఉద్యోగంలోనైనా ఉంటాయి. విల్లు పనిలో మాత్రమే ఉండేవి రెండు మూడు సంగతులు ఉన్నాయి, వాటిని చెప్తాను.

మా ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం. మా తాత పట్టుబట్టి అక్షరాలు దిద్దించాడు కాబట్టి ఇది తెలుగులో రాయగలుగుతున్నాను. మా గ్రౌండులో తెలుగు గలగలా మాట్లాడే పిల్లల్లో ఎక్కువమందికి ఈ లిపి చదవడం రాదు. ఎవరైనా పైకి చదివితే వింటారు. కాబట్టి వినడానికి వీలుగానే రాస్తున్నాను.

బాణం వైపు చూడొద్దు

కోచ్ కాకముందు నేను వేలూరులో ఒక తమిళ దినపత్రికకు రిపోర్టరుని. జిల్లా ఆర్చరీ పోటీలు జరుగుతున్నాయి, నాలుగు లైన్లు రాసుకురా అని ఒకసారి పంపారు. "నాలుగు లైన్లు వచ్చినాయి, మనిషి మాత్రం తిరిగి రాలేదు" అని మా న్యూస్ ఎడిటర్ చాలాకాలం అందరికీ చెప్పి నవ్వేవాడు. నిజానికి ఆ తరవాత కూడా కొన్నేళ్ళు పత్రికలోనే ఉన్నాను. సెలవు దొరికితే మాత్రం గ్రౌండులో ఉండేవాడిని. చివరికి సెలవులు చాలక ఉద్యోగం మార్చుకున్నాను.

ఆ ఎడిటర్ నాకు నేర్పిన విద్యతోనే కోచ్ ఉద్యోగం మొత్తం వెళ్ళదీశాను. ఆయన ఆటల వార్తకు ఎవరిని పంపినా ఒకటే చెప్పేవాడు. "గెలిచినోడిని అందరూ చూస్తారు. నువ్వు ఓడినోడి కాళ్ళు చూసిరా." మొదట్లో మాకు అది ఎగతాళి అనిపించేది. ఫుట్‌బాల్‌లో కాళ్ళు సరే, క్యారమ్స్ పోటీలో కాళ్ళెందుకు? "క్యారమ్స్‌లో ఓడిపోయేవాడు బల్ల కింద కాళ్ళు ఆడిస్తా ఉంటాడు, పోయి చూడు" అన్నాడు. పోయి చూశాం. ఆడిస్తూనే ఉన్నాడు.

విల్లు దగ్గరకు వచ్చాక తెలిసింది, గ్రౌండులో ప్రతి మనిషీ బాణం వెంట చూస్తాడని. విడిచిన క్షణంలో అందరి తలలూ టార్గెట్ వైపు తిరుగుతాయి. వేసినవాళ్ళ చెయ్యి ఏం చేసింది, భుజం ఎటు పోయింది, కాలు కదిలిందా అన్నది ఆ క్షణంలో చూసేవాడు ఉండడు. కోచ్ ఒక్కడే చూడాలి. బాణం ఎక్కడ పడిందో చెప్పడానికి పక్కన ఇరవైమంది ఉంటారు, మీరు అటు చూడక్కర్లేదు.

కొత్త కోచ్‌లకు ఇది చెప్తే తల ఊపుతారు. మరుసటి రోజు గ్రౌండుకు వెళ్ళి బాణం వైపే చూస్తారు. ఫర్వాలేదు, అలవాటు కావడానికి కొంచెం టైము పడుతుంది.

కరెస్పాండెంటుగారి యంత్రం

మా స్కూలు నడిపే పెద్దమనిషిని అందరూ కరెస్పాండెంటుగారు అనేవాళ్ళం. మంచివాడు. ఏదైనా అడిగితే ఇచ్చేవాడు, అడగనివి కూడా తెచ్చేవాడు. అలా ఒకరోజు బాణం వేగం కొలిచే చిన్న యంత్రం తెచ్చాడు. విల్లు ముందు స్టాండు మీద పెట్టి బాణం వేస్తే అంకె చూపిస్తుంది. స్కూలు వార్షికోత్సవంలో అతిథుల ముందు పెట్టించాడు. చప్పట్లే చప్పట్లు. మరునాటి నుంచి గ్రౌండు బోర్డు మీద పిల్లల పేర్లూ వాటి పక్కన వేగాలూ రాయించాడు.

ఆ తరవాత కొన్ని నెలలు మా గ్రౌండు గ్రౌండులా లేదు. మగపిల్లలు బలానికి మించిన విల్లులు లాగడం మొదలుపెట్టారు. లాగేటప్పుడు నడుము వంకర, ముఖం వంకర. కొందరు తేలికైన సన్న బాణాలు అడిగి తెచ్చుకున్నారు. విల్లు అదే, లాగే బలం అదే, బాణం తేలికైతే అంకె పెరుగుతుంది. ఇందులో మాయ ఏమీ లేదు. కానీ విల్లులో ఉన్న శక్తిని తేలిక బాణం మొత్తం తీసుకుపోలేదు. మిగిలింది విల్లునూ పట్టుకున్న చేతినీ వణికిస్తుంది. వేలు కాస్త అడ్డంగా వదిలినా బరువు బాణం కొంత సర్దుకుపోతుంది, తేలిక బాణం సర్దుకోదు. ఆ తప్పునంతా టార్గెట్ దాకా మోసుకుపోయి అక్కడ చూపిస్తుంది.

కరెస్పాండెంటుగారికి ఇదంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "అయితే ఇంకో యంత్రం తెప్పిద్దామా?" అన్నాడు.

వద్దని చెప్పి బోర్డు మీద వేగం పక్కన ఇంకో వరస గీశాను. దానికి 'గుంపు' అని పేరు పెట్టాను. ఒకరు వరసగా వేసిన బాణాలన్నీ ఎంత చోటులో పడ్డాయన్నదే గుంపు. అది ఎక్కడ పడిందన్నది తరవాతి మాట, ముందు ఎంత చిన్నదో చూడాలి. అంగుళాల్లో కొలిస్తే పిల్లలకు పట్టలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర గిన్నెలు కనిపించాయి. అప్పటి నుంచి కొలతలు మారిపోయాయి. గ్లాసు మూతి కింద ఇమిడితే గ్లాసు, తరవాత గిన్నె, తరవాత పళ్ళెం, అంతకు మించితే తాంబాళం.

"రేయ్, నీ స్పీడు చూసి భయపడిపోయినా. గుంపు ఏంది?"

"తాంబాళం."

"పెళ్ళికి పనికొస్తాది పో."

ఇట్లాంటి మాటలు రెండు వారాలు నడిచేసరికి భారీ విల్లులు వాటంతట అవే స్టోర్‌రూముకు వెళ్ళిపోయాయి. కరెస్పాండెంటుగారు కూడా వచ్చి తన వంతు వేశాడు. ఆయన బాణాల్లో ఒకటి ఎక్కడ పడిందో ఎవరికీ తెలియలేదు కాబట్టి గుంపు కొలవడానికి వీలు కాలేదు. నవ్వి, యంత్రాన్ని తన గదిలోకి తీసుకుపోయాడు. నేను రిటైరయ్యేనాటికి దాని మీద ఆయన విజిటింగు కార్డులు పెట్టుకునేవాడు.

పైవాడు తప్పు చేస్తున్నాడని తెలిసినప్పుడు ఎదురుగా వాదించకండి. పక్కన ఇంకో వరస గీసి చూపించండి. ఎక్కువమంది పైవాళ్ళు బోర్డు చదవగలరు.

గోనెసంచి పంది

వేగం వల్ల ఉపయోగమే లేదా అని అడిగేవాళ్ళకు గోవిందస్వామి నాయుడి సంగతి చెప్తాను. మోర్ధానా డ్యాము కింద కాలవ నీళ్ళతో వేరుశనగ, వరి పండించే రైతు. ఒక ఆదివారం మోటారుసైకిల్ వెనక పొడుగాటి పెట్టె కట్టుకుని వచ్చాడు. తెరిస్తే రెండు చివర్లా చక్రాలున్న కొత్తరకం విల్లు.

"సార్, అడవి పందులు చేనంతా దున్నేస్తా ఉండాయి. దీంతో కొట్టేది ఎట్లనో నేర్పించల్ల."

"నాయుడూ, అది చట్టం ఒప్పుకోదు. పందిని కొడితే పంది పోతాది, నువ్వు జైలుకు పోతావు. అది ఫారెస్టు వాళ్ళ పని. నేను నేర్పను."

"ఫోన్లో వీడియోలు చూసినా సార్. ఆ దేశాల్లో కొడతా ఉండారు గదా."

"అయితే ఆ దేశానికే పోయి చేను వేసుకో."

ఆయన కోపం తెచ్చుకోలేదు. పెట్టె మూయనూ లేదు. "సరే, పందిని కొట్టను. తగులుతాదా లేదా అన్నా చూపించండి, మనసు ఊరుకోలా" అన్నాడు. ఆ మాటకు నాకూ ఉత్సాహం వచ్చింది. గోనెసంచిలో వరిగడ్డి కుక్కి పంది ఆకారం చేసి గ్రౌండు చివర చెట్ల మధ్య పెట్టాం. పిల్లలు దానికి కొబ్బరిపీచుతో తోక కూడా కుట్టారు.

వేట గురించి మాట్లాడేవాళ్ళు వేగం వేగం అని ఎందుకు అంటారో అక్కడ తెలిసింది. మా టార్గెట్ ఎంత దూరంలో ఉందో మాకు ముందే తెలుసు. పంది దూరం ఎవరూ చెప్పరు, కంటితో అంచనా వేయాలి. నాయుడు ముప్ఫై అడుగులు ఎక్కువ అనుకున్నా, తక్కువ అనుకున్నా, నిదానం బాణం పైనుంచో కిందనుంచో పోతుంది. వేగం బాణం అంత వంగదు కాబట్టి ఎక్కడో ఒకచోట సంచికి తగులుతుంది. దూరం అంచనాలో తప్పును వేగం కాస్త కప్పుతుంది. అది నిజమే.

కానీ చేతి తప్పును కప్పదు. నాయుడు తేలిక బాణాలు వేస్తే విల్లు పెద్ద చప్పుడు చేసేది. బాణం పందికి కుడివైపుకో ఎడమవైపుకో పోయేది. "ఈ చప్పుడుకు నిజం పంది అయితే ఈపాటికి పలమనేరు దాటిపోయింటాది" అని తానే అన్నాడు. బరువు బాణాలు ఇచ్చాను. చప్పుడు తగ్గింది, చెయ్యి నిలిచింది, దూరం తప్పు మాత్రం బయటపడింది. అప్పుడాయన దూరం కొలవడం నేర్చుకున్నాడు. అడుగులు వేసి, చూసి, మళ్ళీ అడుగులు వేసి. రెండు నెలలకు కొబ్బరిపీచు తోక ఊడిపోయేలా కొట్టాడు.

చేను చుట్టూ కంచె వేయించుకున్నాడు. పందులు ఇప్పుడు పక్కవాళ్ళ చేనికి పోతున్నాయట. ఆయన మాత్రం ప్రతి ఆదివారం మా గోనెసంచి పంది దగ్గరికే వస్తాడు.

ఇక్కడ మీరు తెలుసుకోవలసింది ఒకటుంది. ఎంత వేగం కావాలన్నది ముందు దూరం తెలుసా తెలియదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. దూరం తెలిసిన ఆటలో టార్గెట్ దాకా చక్కగా చేరేంత వేగం చాలు. అంతకు మించిన ప్రతి కొసరు వేగానికీ నిలకడలో కొంత వదులుకోవాల్సి వస్తుంది. వదులుకోవచ్చా లేదా అన్నది వేసేవాళ్ళ చేతిని చూసి నిర్ణయించాలి, క్యాటలాగు చూసి కాదు.

ధనలక్ష్మి వాళ్ళ నాయన

ఇక ధనలక్ష్మి. ఆ అమ్మాయి వాళ్ళ నాయన మునస్వామి కైలీలు, అంటే లుంగీలు, నేసే మగ్గం పనివాడు. వీళ్ళ వీధిలో పొద్దున్నే పడుగులు పరిచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుతూ ఉంటారు. ఆ గంజి వాసనలోనే మా పిల్లలు గ్రౌండుకు వస్తారు.

ధనం అని పిలిచేవాళ్ళం, మా గ్రౌండులో గిన్నె పిల్ల. ఒక్కోరోజు గ్లాసుకు దగ్గరగా వచ్చేది. బలం తక్కువ, నిదానం ఎక్కువ. స్పోర్ట్స్ హాస్టల్లో ఆర్చరీ ఆడపిల్లలకు ఒకే ఒక సీటు ఉందని తెలిసింది. సెలెక్షన్ వేలూరు సత్తువాచారిలో. వయసు లెక్క ప్రకారం ధనానికి అదే చివరి అవకాశం. మా స్కూల్లో ఆ అమ్మాయి చదువు అయిపోయింది, చేరబోయే కాలేజీలో విల్లు లేదు. ఆ సీటు వస్తే విల్లు చేతిలో ఉంటుంది, రాకపోతే అటక మీదికి పోతుంది. ఇంట్లో అందరికీ ఇది తెలుసు. మునస్వామికి అందరికంటే ఎక్కువ తెలుసు.

నాట్రంపల్లి నుంచి రోషిణి అనే అమ్మాయి కూడా ఆ సీటుకే వస్తోంది. పొడుగ్గా, బలంగా ఉంటుంది. ఆమె బాణం విడిస్తే ఝుమ్మని పోతుంది. ఒక పోటీలో చూసి ధనం ఇంటికి పోయి, "ఆ పిల్ల బాణం మన బాణం కంటే ఎంత స్పీడు నాయనా!" అంది. అంతే. ఆ మాట మునస్వామి మనసులో పడిపోయింది.

సెలెక్షన్ రోజు పొద్దున సత్తువాచారి గ్రౌండులో ప్రాక్టీసు బాణాలు వేస్తున్నాం. ధనం మొదటి బాణం టార్గెట్ పైనుంచి పోయింది. రెండోది నాక్, అంటే బాణం తోకలో నారిని పట్టుకునే చీలిక, స్ట్రింగుకు అతుక్కుని సరిగా వదలలేదు. మూడోది మధ్య పసుపునూ దాని చుట్టూ ఉన్న ఎరుపునూ దాటి నీలంలో. నేను అలవాటు ప్రకారం బాణం వైపు చూడలేదు. ధనం చెయ్యి బాగానే ఉంది, కాళ్ళు బాగానే ఉన్నాయి. తప్పు మనిషిలో లేదు.

విల్లు తీసుకుని చూశాను. స్ట్రింగు మీద చీమలు పాకుతున్నాయి.

వెనక్కి తిరిగితే, చూసేవాళ్ళ కోసం కట్టిన తాడు అవతల మునస్వామి. ముఖం వెలిగిపోతోంది.

"చూసినారా సార్, ఎట్ల పోతా ఉండాదో!"

"మునస్వామీ, దీనికి ఏం చేసినావు?"

"ఏం లేదు సార్. అంతా జిడ్డుగా ఉండాది. వేన్నీళ్ళలో సోప్ వేసి కడిగినా. కడిగి గంజి పట్టించి కుంచెతో దువ్వినా. పడుగుకు గంజి లేకుంటే పోగు లేస్తాది గదా. ఇప్పుడు చూడండి, ఎంత బిర్రుగా ఉండాదో."

ధనం విల్లు కింద పెట్టేసింది. "నాయనా! అది జిడ్డు కాదు. మైనం. అది ఉండల్ల!"

"నాకేం తెలుసమ్మా? నూలు ఏదైనా నూలే అనుకుంటిని."

"నూలు కాదు నాయనా అది!"

"స్పేర్ స్ట్రింగు తీ" అన్నాను. ధనం సంచిలో చెయ్యి పెట్టి, ఆగి, వాళ్ళ నాయన వైపు చూసింది.

"దానికి కూడా పట్టించినా" అన్నాడు మునస్వామి, ఇప్పుడు కాస్త చిన్నగా.

నాకు నవ్వు వచ్చింది. నవ్వకూడదు కాబట్టి దగ్గాను. మునస్వామిది అజాగ్రత్త కాదు. ఆయన జీవితమంతా పోగును ఎలా కాపాడాడో కూతురి స్ట్రింగును అంతే ప్రేమగా కాపాడాడు. పడుగు మగ్గం మీద నిదానంగా సాగుతుంది, దానికి గంజి బలం. స్ట్రింగు ఒక్క దెబ్బకు గుంజుకుని వదులుతుంది, దానికి గంజి పెళుసు. పెళుసు పొర మొదటి బాణాలకు బిర్రుగా ఉండి, తరవాత పగిలి రాలిపోతుంది. పోగులు వదులవుతాయి, ప్రతి బాణానికీ స్ట్రింగు కొంచెం కొంచెం సాగుతుంది. అంటే ఏ రెండు బాణాలూ ఒకచోట పడవు.

నాట్రంపల్లి కోచ్ నాకు పాత స్నేహితుడు. పరుగున వచ్చి తన స్పేర్ స్ట్రింగు ఇచ్చాడు. రోషిణి పొడుగు పిల్ల కదా, ఆమె విల్లూ పొడుగే. ఆ స్ట్రింగు ధనం విల్లుకు వేలాడింది.

తడిగుడ్డతో గంజి తుడిచాం. చీమలను దులిపాం. నా సంచిలో ఉన్న మైనం రుద్దాను. సాగిన స్ట్రింగుకు మెలికలు వేసి పొట్టి చేశాం. మెలికలు వేసే పని మునస్వామే చేశాడు, నేను చెప్పిన చోట ఆపాడు. ఆ తరవాత ధనాన్ని కూర్చోబెట్టి ఉన్న విషయం చెప్పాను.

"అమ్మా, రెండు దారులు ఉండాయి. విల్లు బోల్టులు ఇట్లనే బిగువుగా ఉంచితే వేగం వస్తాది. కానీ స్ట్రింగు సాగతానే ఉంటాది, గుంపు యాడికి పోతాదో నేను చెప్పలేను. బోల్టులు వదులు చేస్తే స్ట్రింగు మీద భారం తగ్గతాది, సాగేది ఆగతాది. కానీ బాణం నిదానమై కింద పడతాది. గురి చూసే సైటు చివరిదాకా దించినా చాలదు, ఇంకా దించితే బాణం ఈకలు దానికి తగులుతాయి."

"బిగించండి సార్" అన్నాడు మునస్వామి తాడు అవతల నుంచి. "ఆ పిల్ల స్పీడు చూస్తా ఉండారు గదా. నిదానం బాణానికి సీటు ఎవరిస్తారు?"

ధనం వాళ్ళ నాయన వైపు తిరగలేదు. తలవంచి స్ట్రింగును వేలితో మీటింది. ఒకసారి, ఇంకోసారి.

"వదులు చేయండి సార్" అంది.

ఎరుపు

సెలెక్టర్ చెన్నై నుంచి వచ్చిన ఒకావిడ. ఒకప్పుడు తానూ ఆడిన మనిషి. కుర్చీ వేసినా కూర్చోలేదు, పిల్లల వెనకాలే నడుస్తూ ఉంది. ఆవిడ కళ్ళు టార్గెట్ వైపు కాక పిల్లల భుజాల మీద ఉండడం చూసి నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

రోషిణి బాణాలు చప్పట్లు కొట్టించాయి. పసుపులో మధ్యన రెండు, నీలంలో ఒకటి, మళ్ళీ పసుపు, ఆ తరవాత ఒకటి టార్గెట్ దాటి గడ్డిలోకి. ప్రతి విడతా అంతే. ఎక్కినప్పుడు ఆకాశం, దిగినప్పుడు గడ్డి.

ధనం బాణాలు పైకి లేచి, తీరిగ్గా వంగి, పసుపుకు కింద ఎరుపులో పడ్డాయి. మొదటిది ఎరుపు, రెండోది ఎరుపు. మూడోది రెండోదాన్ని రాసుకుంటూ ఎరుపు. పక్కన ఎవరో "ఏందప్పా, పూలు ఏరుకుంటా పోయినట్టు పోతా ఉండాది ఆ బాణం" అని నవ్వారు. మునస్వామి తల తిప్పుకున్నాడు.

మధ్యలో విరామం ఇచ్చారు. నేను ధనం దగ్గరకు పోయాను. "పసుపు పైన గురిపెట్టి చూస్తావా? కింద పడేది పసుపులోకి వస్తాది."

"పైన ఏముండాది సార్ గురిపెట్టేదానికి? గుర్తు లేని ఉత్త ఎరుపు. యాడ పెట్టల్లో తెలీకుంటే చెయ్యి ఆడతాది. పసుపు కనిపిస్తే చెయ్యి నిలుస్తాది. నిలిచినకాడ పడనీండి."

 ఎదురు చెప్పడానికి నోరు తెరిచాను, కాని ఆ అమ్మాయి కాళ్ళు చూసి మూసుకున్నాను. నేలలో నాటినట్టు ఉన్నాయి. అక్కడ నేను చేయగలిగింది నీళ్ళ సీసా అందించడమే. అందించాను.

విరామం తరవాత కూడా ఎరుపే. రోషిణి మళ్ళీ రెండు పసుపులు, ఒక గడ్డి. అన్నీ అయిపోయి మొత్తం కూడితే ఇద్దరికీ సమానంగా వచ్చింది. కూడినవాళ్ళు మళ్ళీ కూడారు. సమానమే.

నాట్రంపల్లి స్నేహితుడు నా భుజం మీద చెయ్యి వేసి, "పసుపులు మాకే ఎక్కువ, తెలుసు గదా" అన్నాడు. తెలుసు. పోటీలో సమానం వస్తే పసుపు మధ్యలో ఎక్కువ కొట్టినవాళ్ళదే గెలుపు.  తాడు అవతల మునస్వామి చేతులు కట్టుకుని, దూరంగా ఆగి ఉన్న బస్సుల వైపు చూస్తూ నిలబడ్డాడు.

సెలెక్టరమ్మ టార్గెట్ల దగ్గరకు నడిచింది. మమ్మల్నీ పిలిచింది. రోషిణి కాగితం చూసింది, నాలుగు వైపులా చిల్లులు. తరవాత ధనం కాగితం. కింది ఎరుపులో అన్నీ ఒకేచోట పడి కాగితానికి చిల్లులు కాదు, చిరుగే పడింది. ఆవిడ వేలు పెట్టి చూసింది.

"ఎందుకమ్మా పైకి తెచ్చుకోలేదు?" అని తమిళంలో అడిగింది.

ధనం స్ట్రింగు సంగతి చెప్పింది, సైటు సంగతి చెప్పింది. వాళ్ళ నాయన పేరు మాత్రం చెప్పలేదు. "స్ట్రింగు కొంచెం పాడైంది మేడమ్" అంది. సెలెక్టరమ్మ విల్లు అందుకుని స్ట్రింగును ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇదేంటి, ఇడ్లీ పాత్ర వాసన వస్తోంది?"

ధనం నేల వైపు చూసింది. నేను మళ్ళీ దగ్గాను. నాట్రంపల్లి స్నేహితుడు ఆపుకోలేక నవ్వేశాడు, ఇక నేనూ నవ్వేశాను. సంగతంతా చెప్పాక ఆవిడ కూడా నవ్వింది. నవ్వుతూనే కాగితం మీది ఆ చిరుగు దగ్గర మళ్ళీ వేలు పెట్టింది.

"ఇది పోటీ అయితే మీ రోషిణికే ఇచ్చేదాన్ని" అంది నాట్రంపల్లి కోచ్‌తో. "ఇది పోటీ కాదు. ఒక పిల్లను నాతో తీసుకుపోయి నేర్పించాలి. ఒకచోట పడే బాణాలను మధ్యకు జరపడం నాకు వచ్చు, కొత్త స్ట్రింగు వేస్తే సగం జరుగుతాయి. నాలుగు వైపులా పడేవాటిని నేను ఎటు జరపను? మీ అమ్మాయికి ఇంకా వయసుంది. విల్లు లాగే బరువు తగ్గించి, వచ్చే ఏడాది తీసుకురండి."

నా స్నేహితుడు ఒప్పుకున్నాడు. ముఖం చిన్నదయింది కానీ ఒప్పుకున్నాడు. రోషిణి అప్పటికే గడ్డిలో పోయిన బాణం కోసం వెతుకుతోంది. ధనం కూడా వెళ్ళి వెతకడం మొదలుపెట్టింది.

నేను తాడు దగ్గరకు వచ్చాను. మునస్వామి ఇంకా బస్సుల వైపే చూస్తున్నాడు. నా వైపు తిరిగితే ఏం వినాల్సి వస్తుందో అన్నట్టు ఉన్నాడు.

"తీసుకున్నారప్పా."

"ఎవర్ని?"

"ధనాన్నే. సీటు ధనానికే."

నా ముఖం వైపు చూశాడు, ఎగతాళి కాదు కదా అన్నట్టు.

"ఎరుపుకా సార్?"

"ఎరుపుకే."

కళ్ళు తుడుచుకున్నాడు. దూరంగా టార్గెట్ మధ్యలో, ఒక్క చిల్లు కూడా పడని కూతురి పసుపు వైపు వేలు చూపించాడు.

"మరి అది?"

"అది నేర్పించేదానికే గదప్పా తీసుకుపోతా ఉండారు."